మధ్యలో నేను లేని వానాకాలం

మా అన్నయ్యా వదినా తొమ్మిదేళ్ళపాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నారని కాదు. ఇద్దరూ మాటకారులే. కాకపోతే ఆ మాటలన్నీ నా మీదుగా నడిచేవి.

“మీ అన్నయ్యతో చెప్పు, కూర చల్లారిపోతోందని” అనేది వదిన వంటింట్లోంచి. అన్నయ్య పక్క గదిలోనే బల్ల ముందు కూర్చుని ఎవరి కట్టుడు పళ్ళకో మైనం అద్దుతూ ఉండేవాడు. అదే అతని పని. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక పల్చటి కర్టెను. “మీ వదినతో చెప్పు, ఈ పై దవడ అయ్యాక వస్తానని” అనేవాడు. ఎవరి మాట ఎవరికి వినబడదు గనక! అయినా సరే, నేను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చెప్పాల్సిందే. నేను ఆ వేళకి స్నానానికి వెళ్ళిన రోజున కూర నిజంగానే చల్లారిపోయేది.

తొమ్మిదో ఏట, వానలకు ముందు మా ప్రెస్సు మూతబడింది. ఇరవై ఆరేళ్ళు అక్కడ ప్రూఫులు దిద్దాను. యజమాని చివరి రోజున మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ పిలిచి, “గుర్తుగా ఏం తీసుకుంటారు?” అని అడిగాడు. ఒకరు గోడ గడియారం అన్నారు, ఒకరు కుర్చీ అన్నారు. నేను షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతున్న డెలివరీ వ్యాను అడిగాను. డ్రైవరు రాని రోజుల్లో స్కూలు పుస్తకాలూ క్యాలెండర్లూ అందులో వేసుకుని నేనే తోలేదాన్ని. ఆయన నా వంక జాలిగా చూసి తాళాలు చేతిలో పెట్టాడు.

నాకప్పటికి యాభై ఒకటి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడగడం జనం మానేసిన వయసు. సముద్రం ఒడ్డున రోడ్డు ఎంత దూరం ఉంటే అంత దూరం, వాన ఎన్నాళ్ళు కురిస్తే అన్నాళ్ళు, ఒక్కదాన్నే పోవాలనిపించింది. ఎందుకని ఇంట్లో అడిగారు.

“ఇల్లుండగా ఇనప్పెట్టెలో కాపురమేంటి? అదీ వానాకాలంలో!” అన్నాడు అన్నయ్య. “మీ వదినతో చెప్పు, నీకు కాస్త బుద్ధి చెప్పమని.”

“మీ అన్నయ్యతో చెప్పు, ఈ ఇంట్లో బుద్ధి ఉన్నది ఒక్కదానికే, అదే బయటపడుతోందని” అంది వదిన.

అన్నయ్య వారం రోజులు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు. ఆ తర్వాత ఒక పొద్దున చూద్దును కదా, వ్యాను వెనక భాగంలో చెక్క మంచం బిగించి ఉంది. అన్నయ్య మేకులు నోట్లో పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. “నీ నడుం సంగతి నాకు తెలీదా?” అన్నాడు, పళ్ళ మధ్య నుంచే. మంచం కింద పన్నెండు సొరుగులు చేశాడు. పళ్ళ అచ్చులు పెట్టుకునే సొరుగులు చేసి చేసి అలవాటేమో, ఒక్కోదాంట్లో ఒక జత మేజోళ్ళు తప్ప పట్టవు. వదిన కిటికీలకు పరదాలు కుట్టి ఇచ్చింది. నెల రోజుల్లో వచ్చేస్తానని చెప్పి బయల్దేరాను.

నెల రెండయింది. రెండు మూడయ్యాయి.

వానలో వ్యాను బతుకు అంటే ఏదో అనుకుంటారు గానీ, సగం రోజు ఆరబెట్టుకోవడమే. తువాలు ఆరదు, అగ్గిపెట్టె మెత్తబడుతుంది, ఉప్పు ముద్దవుతుంది. పొద్దున లేచేసరికి అద్దాల లోపలి వైపు నా ఊపిరే నీళ్ళై కారుతూ ఉండేది. స్టవ్వు మీద టీ పెట్టుకుని, వెనక తలుపు బార్లా తీసి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంటే ఎదురుగా సముద్రం. వాన పడుతున్న సముద్రాన్ని ఎంతసేపు చూసినా ఇంకా ఏదో చూడాల్సింది మిగిలినట్టే ఉంటుంది. టీ చల్లారిపోతే మళ్ళీ పెట్టుకునేదాన్ని. అడిగేవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి మనసు పుడితే బండి తీసేదాన్ని, పుట్టకపోతే అక్కడే. ఒకసారి గట్టు మీద నాలుగు రోజులున్నాను, కారణం ఒక పిల్లి. నా ముందు టైరు కింద పిల్లల్ని పెట్టింది.

ఒక్క దురలవాటు మాత్రం మానలేకపోయాను. అచ్చుతప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఆ తీరం పొడుగునా బోర్డుల నిండా తప్పులే. “తాజా చేవలు అమ్మబడును” అని ఒక చోట. “ఇచ్చట గడులు అద్దెకు ఇవ్వబడును” అని ఇంకో చోట. బండి ఆపి, కొట్టువాళ్ళని మంచిగా అడిగి, రంగు డబ్బా తీసి దిద్దేదాన్ని. కొందరు తిట్టారు. కొందరు కుర్చీ వేసి టీ ఇచ్చారు. చేవలు అమ్మే ఆవిడ చేపలు దిద్దించుకుని, రెండు చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది. రెండో నెలకల్లా నాకంటే ముందు నా పేరు చేరిపోయేది. “దిద్దుబాటమ్మ వచ్చింది” అనేవాళ్ళు.

ఇంటి నుంచి ఫోను మాత్రం రోజూ ఉండేది. ఎనిమిదింటికి వదిన.

“ఎక్కడున్నావ్?”

“మలుపు దగ్గర. వాన.”

“ఇక్కడా అదే ఏడుపు. మీ అన్నయ్యతో చెప్పు, డాబా మీద అచ్చులు తడిసిపోతున్నాయని.”

“అన్నయ్య ఎక్కడున్నాడు?”

“ఎక్కడుంటారు? ఇదిగో, నా ఎదురుగానే పేపరు చదువుతున్నారు.”

ఫోను పెట్టేసి అన్నయ్యకు చేసేదాన్ని. “విన్నాన్లే. మీ వదినతో చెప్పు, అవి నిన్ననే లోపలికి తెచ్చానని” అనేవాడు. మళ్ళీ వదినకు. ఇంట్లో ఉండగా కాళ్ళు అరిగేవి, ఇప్పుడు ఫోను బ్యాటరీ అరుగుతోంది. అంతే తేడా.

విసుక్కునేదాన్ని కాదు. విసుక్కునే హక్కు నాకు లేదు. అదెందుకో ఇక్కడ చెప్పేస్తాను.

తొమ్మిదేళ్ళ క్రితం వదినకు ఒక ఉత్తరం వచ్చింది. దగ్గర్లోని ఊళ్ళో పెద్ద స్కూలు, లెక్కల టీచరు ఉద్యోగం. ఫలానా తేదీలోగా వచ్చి చేరాలి. ఆ ఉద్యోగం కోసం ఆవిడ రెండేళ్ళు చదివింది. పోస్టుమాన్ ఆ కవరు గేటు దగ్గర నా చేతికిచ్చాడు. ప్రెస్సులో ప్రశ్నపత్రాల సీజను, పరుగు మీద ఉన్నాను. ప్రూఫుల కట్టలో దోపుకున్నాను. పదకొండు రోజుల తర్వాత ఆ కట్ట విప్పితే కవరు జారి పడింది. చేరాల్సిన తేదీ దాటి రెండు రోజులు.

ఏడ్చుకుంటూ అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. అతను కవరు అటూ ఇటూ తిప్పి చూసి, “నువ్వు నోరెత్తకు” అన్నాడు. “నా జేబులో ఉండిపోయిందని చెబుతాను. మీ వదినకి నీ మీద కోపమొస్తే నువ్వెక్కడికి పోతావే? నా మీదంటావా, రెండు రోజుల్లో పోతుంది.”

రెండు రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. నేను నోరెత్తలేదు. ఆ నోటితో వాళ్ళ కబుర్లు మాత్రం మోశాను.

మూడో నెలలో ఒక ఏరు సముద్రంలో కలిసే చోటికి చేరాను. రోడ్డు అక్కడితో ఆఖరు. అవతలికి వెళ్ళాలంటే లాంచీ. దాన్ని నడిపే సారంగుకి అరవై దాటాయి, ముందు పళ్ళు నాలుగూ లేవు. జెట్టీ మీద బోర్డు చూసి నేను నవ్వాపుకోలేకపోయాను. “లాంచీ బయలుదేరు మేళలు” అని ఉంది.

“ఇరవయ్యేళ్ళుగా మేళలే చెల్లెమ్మా” అన్నాడు సారంగు. “ఎవరూ లాంచీ ఎక్కడం మానలేదు. ఇప్పుడు నువ్వు వేళలు చేశావనుకో, టైముకి నడపమంటారు.”

దిద్దనివ్వలేదు. కానీ జెట్టీ పక్క రేకుల షెడ్డులో వ్యాను పెట్టుకోనిచ్చాడు.

నేను చేరిన మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. రెండు గంటలపాటు వాన కురవలేదు, విసిరికొట్టింది. షెడ్డు రేకు ఒకటి కాగితంలా లేచి ఏట్లో పడింది. తెరిపి ఇచ్చాక చూస్తే వెనకాల కొండచరియ విరిగి రోడ్డుకు అడ్డంగా పడుకుంది. గుట్ట మీద ఉండాల్సిన ఫోన్ల టవరు లేదు, కూలిపోయింది. ఏరు ఎర్రగా ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది, లాంచీ కట్టు విప్పే మాటే లేదు.

మొదటి రోజు ఎనిమిదింటికి చెయ్యి తనంతట తనే ఫోను మీదికి పోయింది. ఇంట్లో ఏమవుతుందోనని ఒకటే ఆలోచన. అన్నయ్యకి మాత్రలు ఎవరు గుర్తు చేస్తారు? వదినకి గ్యాసు బండ ఎవరు మార్చి పెడతారు? ఇద్దరూ ఒకే ఇంట్లో ఆకలితో పోతారేమో అనిపించింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున మెలకువ వచ్చేసరికి ఎండ కాదు గానీ ఒక తెల్లటి వెలుతురుంది. టీ పెట్టుకున్నాను. సగం తాగాక గానీ తెలియలేదు, తలలో చప్పుడు లేదు. ఎవరితో ఏం చెప్పాలో, ఏం మర్చిపోయానో, ఏదీ లేదు. నా మాటలే ఉన్నాయి. అవీ ఎక్కువేం లేవు.

ఉన్నవాటిలో ఒకటి ఉత్తరం సంగతి. ఇంటికెళ్ళగానే వదినకు చెప్పెయ్యాలని ఆ రోజే అనుకున్నాను. అనుకుని, భయపడి, రెండు కప్పుల టీ తాగాను.

ఆరో రోజుకు ఏరు తగ్గింది. “అవతలికి పోతున్నా చెల్లెమ్మా. అక్కడ ఫోనుంది. మీవాళ్ళకి కబురు చెప్పనా?” అన్నాడు సారంగు. నా కథ అప్పటికి అతనికి సగం తెలుసు. “చెప్పు. నేను క్షేమమని.”

“అన్నయ్యతోనా, వదినతోనా?”

“ఎవరెత్తితే వాళ్ళతో” అన్నాను.

లాంచీ సాయంత్రానికి వస్తుందనుకుంటే రెండు గంటల్లో తిరిగొచ్చింది. నేను వ్యానులో పరుపు ఎత్తి ఆరబెడుతున్నాను. ఇంజను ఆగింది. తర్వాత మాటలు.

“మెల్లగా దిగండి, జారుతుంది.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఇందాక ఎందుకు జారారు?”

“గొడుగు మొత్తం నీ వైపు లాక్కుంటే నాకేం కనబడుతుంది?”

“గొడుగు నాది కాబట్టి!”

“గొడుగు నీదైతే, మరి నేనెవరివాణ్ణి?”

నా చేతిలో పరుపు చేతిలోనే ఉంది. తలుపు పిడి మీద చెయ్యి వేశాను గానీ తియ్యలేకపోయాను. వినబడుతున్నది మా అన్నయ్య గొంతు, మా వదిన గొంతు. ఒకరి వెనక ఒకరిది. మధ్యలో ఎవరూ లేరు. అడ్డుపడితే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాను.

“గంట ప్రయాణం, ఒక్క నిమిషం ఆపలేదు చెల్లెమ్మా!” సారంగు అరిచాడు. “అవతలి జెట్టీలో నన్ను నిలబెట్టి, మా అమ్మాయేదని అడిగారు. ఇద్దరూ ఒకేసారి. నా ఇంజను చప్పుడు నాకే వినబడలేదు!”

అప్పుడు తలుపు తీశాను. అన్నయ్య తడిసి ముద్దయి ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు. “బతికే ఉన్నావన్నమాట” అని, మొహం అటు తిప్పుకుని, మంచం చెక్క ఊగుతోందేమోనని రెండుసార్లు తట్టి చూశాడు. కళ్ళు తుడుచుకోవడానికి అతనికి దొరికిన దారి అది. ఆ తర్వాత సారంగు నోటి వంక చూశాడు. “ఏమయ్యా, ఆ నాలుగూ పోయి ఎన్నాళ్ళైంది? ఏదీ, నోరు తెరువు. ఇలా వెలుతురులోకి రా” అంటూ అతన్ని జెట్టీ చివరికి లాక్కుపోయాడు.

వదినా నేనూ వ్యానులో మిగిలాం. ఆవిడ చీర కొంగు పిండుకుని, నా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను స్టవ్వు వెలిగించాను.

“నీ ఫోను ఆగిన మూడో రోజు” అంది వదిన. “నేను గిన్నెలు కడుగుతున్నా. మీ అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నిలబడ్డారు, నిలబడ్డారు... చివరికి, ‘దాని ఫోను కలవట్లేదు’ అన్నారు. చుట్టూ చూశాను, ఎవరితో అంటున్నారా అని. ఎవరూ లేరు. ‘నాకూ కలవట్లేదండీ’ అన్నాను.”

“అంతేనా?”

“ఇంకేం కావాలి? ఆ పూటకి అంతే. మర్నాడు గ్యాసయిపోయిందని నేనే చెప్పా. ఆ మర్నాటికి పోట్లాటే మొదలెట్టాం. నువ్వు చివరిసారి చెప్పిన ఈ రేవుకి ఏ బస్సెక్కాలన్న దగ్గర.”

నేను టీ వడపోశాను. సగం కింద పోయింది. “వదినా, నీకొకటి చెప్పాలి. ఆ ఉత్తరం...”

“నీ దగ్గర ఉండిపోయింది.”

గ్లాసు ఎక్కడ పెట్టానో నాకు తెలియలేదు.

“కవరు మీద నల్లటి వేలిముద్ర ఉందమ్మాయ్. మీ అన్నయ్య చేతికి మైనం అంటుతుంది, ప్లాస్టరు అంటుతుంది. అచ్చు సిరా ఎవరి చేతికుంటుంది?” వదిన నా వేళ్ళు పట్టుకుని చూసింది. మూడు నెలలకి సిరా పోయింది, గోళ్ళ సందుల్లో బోర్డుల రంగు ఉంది. “చూసిన రోజే తెలుసు నాకు.”

“మరి అన్నయ్యతో ఎందుకు మాట్లాడలేదు? తప్పు నాదైతే!”

“నువ్వు మర్చిపోయావు. బాధే. నాలుగు రోజులు ఏడ్చేదాన్ని, నిన్ను నాలుగు తిట్టేదాన్ని, అయిపోయేది. ఆయన నా కళ్ళలోకి చూసి అబద్ధమాడారు. ఎందుకూ? నిజం తెలిస్తే నేను నిన్ను ఇంట్లో ఉండనివ్వననా? నన్ను అంతే అనుకున్నారా? అదీ నా కోపం. తన నోటితో తను చెప్పేదాకా మాట్లాడకూడదనుకున్నా.” టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. “మూడు నెలలకే కోపం పోయింది, నిజం చెప్పాలంటే. కానీ అప్పటికి అలవాటైపోయింది. నువ్వున్నావు కదా మధ్యలో. ఏ పనీ ఆగేది కాదు.”

అది ఆవిడ నన్ను ఎత్తిపొడిచిన మాట కాదు. మామూలుగానే అంది. కానీ నేను గుడ్డ తీసి, ఒలికిన టీ తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

“ఉద్యోగం పోయింది కదా వదినా” అన్నాను.

“పోయింది” అంది. “దానికి మాత్రం నిన్ను తిట్టాలి. తిరుగు ఇటు.” తిరిగాను. రెండు మూడు మాటలు గట్టిగానే తిట్టింది. తొమ్మిదేళ్ళు దాచిపెట్టిన తిట్లు, కాస్త పదునుగానే ఉన్నాయి. తిట్టి, కొంగుతో నా మొహం తుడిచింది.

“లాంచీలో మళ్ళీ అడిగా ఆయన్ని, ఆ ఉత్తరం ఎవరు పోగొట్టారని. ‘నేనే’ అన్నారు. చూశావా, ఇప్పటికీ అదే పాట! ఎంత మొండిమనిషి!” వదిన నవ్వింది. ఆ నవ్వులో కోపం కోసం వెతికాను, కనబడలేదు.

“నీకు తెలుసని అన్నయ్యతో నేను చెప్పేస్తాను, ఉండు” అని లేచాను.

వదిన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. “కూర్చో. అది నేను చెప్పుకుంటా, నాకు బుద్ధి పుట్టినప్పుడు. మా ఇద్దరి సంగతి.”

కూర్చున్నాను. నా చేత మోయనివ్వని మొదటి కబురు అదే.

వాళ్ళు రెండు రోజులున్నారు. మంచం మీద వదినా నేనూ, ముందు సీట్లలో అడ్డంగా అన్నయ్య. అన్నయ్య గురక వ్యానునే ఊపింది. పగలు సారంగు నోట్లో మైనం పెట్టి కొలతలు తీశాడు. వదిన గొడుగేసుకుని ఒడ్డంట నడిచింది, వెనకాలే గొడుగు లేకుండా అన్నయ్య. మాట్లాడుకున్నారో పోట్లాడుకున్నారో, దూరానికి నాకు వినబడలేదు. వినాలనీ అనిపించలేదు. వెళ్ళేప్పుడు అన్నయ్య, “ఎప్పుడొస్తావు?” అని అడిగాడు. “వానలు ఆగాక” అన్నాను. “ఆగినప్పుడే రా. తొందరేం లేదు” అన్నాడు. అతను ఆ మాట అంటాడని నేను జన్మలో అనుకోలేదు.

రోడ్డు బాగయ్యాక ఇంకో నెల తిరిగాను.

ఇల్లు చేరిన రోజు మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. కర్టెను పక్కకు లాగి కట్టేసి ఉంది. డాబా మీద నీళ్ళ ట్యాంకు గురించి వాళ్ళిద్దరూ వాదించుకుంటున్నారు. నేను లోపలికి వచ్చినప్పుడు మొదలైన వాదన, నేను కాళ్ళు కడుక్కుని వచ్చినా అవలేదు. ఆ ట్యాంకు సంగతి నాకేమీ తెలియదు. నేను లేనప్పుడు కొన్నదట.

“ఆ పెరుగు ఇలా అందించండి” అంది వదిన.

నా చెయ్యి ముందుకు పోయింది. అన్నయ్య అప్పటికే గిన్నె ఎత్తి ఆవిడకు ఇచ్చేశాడు, వాదన ఆపకుండానే. నా చెయ్యి బల్ల మీద గాలిలో ఉండిపోయింది. వెనక్కి తీసుకోబోతుంటే వదిన చూసింది. ట్యాంకు మాట మధ్యలో ఆపి, ఆ చేతిని పట్టుకుని నా కంచం మీదికి జరిపింది.

“నువ్వు తిను” అంది. “చల్లారిపోతోంది.”